దీపావళి టపాకాయలతో యుద్ధవార్తలు

మా వైపు ఎవరైనా ఫోన్ చేసి "ఏం లేదు, కంగారు పడకు" అన్నారంటే, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్టాండుకి పరిగెత్తాలి. మా నాన్న పోయినప్పుడు నాకొచ్చిన ఫోన్ అదే. "కాస్త నలతగా ఉన్నాడమ్మా, ఏం లేదు, ఓసారి వచ్చి చూసి వెళ్ళు" అన్నాడు మా బాబాయి. విజయవాడలో బస్సెక్కి, ఉయ్యూరు దాటి మా ఊళ్ళో దిగేసరికి ఇంటిముందు షామియానా వేసేసి ఉంది. మా చెల్లెలి మొగుడు, అంటే మా మరిది, పోయినప్పుడు దానికీ అలాగే చెప్పారు. పొలంలో కళ్ళు తిరిగాయి, ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు, ఏం లేదు అన్నారు. పిచ్చిది, ఆయన ఆకలితో ఉంటాడని వేడన్నం క్యారేజీలో సర్దుకుని మరీ వెళ్ళింది. చావు కబురు చల్లగా చెప్పడం అంటారే, మా డెల్టాలో అది మర్యాద. వినేవాళ్ళు దారిలో ఎక్కడ పడిపోతారోనని అలా చెప్తారు, చెప్పేవాళ్ళని తప్పు పట్టలేం. కానీ ఒకసారి అలాంటి కబురు విన్న మనిషి మళ్ళీ జన్మలో "ఏం లేదు" అన్న మాట నమ్మదు.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది తెలియకపోతే ఒక రేడియో విలేకరి మా చెల్లెలికి చేసిన అన్యాయం ఏమిటో అర్థం కాదు. "కొడుకే ఫోన్ చేసి బాగున్నానన్నాడుగా, ఇంకేంటండీ ఆవిడ బాధ" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకి నా జవాబు ఇదే.

మా చెల్లెలికి ఒక్కడే కొడుకు. సైన్యంలో చేరాడు, సరిహద్దు వైపు పోస్టింగ్. సరిగ్గా ఎక్కడో మాకు తెలీదు. చెప్పకూడదన్నాడు, మేమూ అడగలేదు. ఆ వేసవిలో అటువైపు కాల్పులు మొదలైనప్పుడు తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, టీవీ మాత్రం పెట్టకు. అందులో అరుపులు తప్ప ఏం ఉండవు. రేడియో విను చాలు" అన్నాడు. అంతకుముందు సెలవులకి వచ్చినప్పుడు తల్లి ఫోన్లో తెలుగు రేడియో యాప్ ఒకటి ఎక్కించి, దానికో చిన్న స్పీకర్ డబ్బా కూడా కొనిపెట్టి వెళ్ళాడు. పాటలు, వార్తలు, వంటలు అన్నీ వస్తాయి అందులో. వాళ్ళ స్టూడియో ఎక్కడో కాదు, విజయవాడలోనే, బెంజ్ సర్కిల్ దగ్గర.

ఆ రేడియోలో వార్తలు చెప్పే ఒకాయన గొంతంటే మా చెల్లెలికి గురి. నెమ్మదిగా, నాన్చకుండా మాట్లాడతాడు. వరదలప్పుడు ఏ కాలవకి ఎక్కడ గండి పడిందో, ఏ ఊరికి దారి తెగిందో ఉన్నదున్నట్టు చెప్పాడట. "మనవాళ్ళయితే దాస్తారక్కా. ఆయన దాచడు" అనేది. మొగుడి చావు కూడా నలుగురూ దాచి చెప్పిన మనిషికి, దాచకుండా చెప్పే గొంతు ఒకటి దొరికితే ఎలా ఉంటుందో చూడండి. వంటింట్లో పోపుల డబ్బా పక్కనే ఉండేది ఆ స్పీకరు. వార్తల టైముకి పొయ్యి కట్టేసి మరీ వినేది.

కాల్పులు మొదలయ్యాక ఆయన గొంతు మారింది. "నేనిప్పుడు సరిహద్దు గ్రామాల సమీపంలో ఉన్నాను. నా వెనక మీరు వింటున్నవి ఫిరంగుల మోతలు" అని మొదలుపెట్టేవాడు. వెనక ఢాం, ఢాం. ఆ వెంటనే టపటపా టపటపా. ఒకడెవడో హిందీలో కేక. మళ్ళీ ఢాం. ఆ మోతల మధ్య ఈయన ఆయాసపడుతూ మాట్లాడేవాడు. ఆయన చెప్పే జిల్లా పేరు, మా వాడు ఎప్పుడో నోరుజారి అన్న జిల్లా పేరు ఒకటే. ఇక చెప్పాలా?

మా చెల్లెలు ఆవకాయకి కాయలు కొట్టించి, ముక్కలు తుడిచి, బేసిన్లో పోసి, కారం కలపబోతూ విన్నదట ఆ మొదటి వార్త. అంతే, చెయ్యి కడుక్కుని లేచింది. ఆ ముక్కలు అలాగే ఉండిపోయాయి. మర్నాడు కొడుకు ఫోన్ చేశాడు. దొరక్క దొరక్క దొరికిన ఫోను. "ఇక్కడంతా ప్రశాంతంగా ఉందమ్మా. ఏం లేదు, కంగారు పడకు" అన్నాడు.

వాడు చెప్పింది నిజం. వాడున్న చోట నిజంగానే ఏమీ లేదు. కానీ వాడు కృష్ణాజిల్లా పిల్లాడు, తల్లితో మాట్లాడే పద్ధతి వాడికి ఇంకోటి తెలీదు. ఆ మాట వినగానే మా చెల్లెలికి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. అన్నం మానేసింది.

పక్కింటామె నాకు ఫోన్ చేస్తే, షాపు మూసేసి ఊరికి బయల్దేరాను. నాది గుణదలలో కుట్టుపని షాపు. పెళ్ళిళ్ళ సీజను, జాకెట్లన్నీ సగంలో ఉన్నాయి, ఉంటే ఉన్నాయి అనుకున్నాను. నేను వెళ్ళేసరికి ఇల్లంతా పులిసిన మామిడి వాసన. చెల్లెలు స్పీకర్ డబ్బా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది.

"వాడు బాగున్నానన్నాడు కదే" అన్నాను.

"మీ మరిది కూడా బాగున్నాడనే అన్నారుగా అక్కా."

పక్కన కూర్చుని సాయంత్రం వార్తలు నేనూ విన్నాను. ఢాం ఢాం, తర్వాత టపటపా. ఆ టపటపా చివర్లో మెల్లగా తగ్గి, ఆగి, మళ్ళీ ఒకటి విడిగా టప్ మంది. నాకెందుకో అనుమానమొచ్చింది. ఏటా దీపావళికి మా వీధిలో థౌజండ్ వాలాలు కాల్చి చెవులు చిల్లులు పడేలా చేస్తారు. దండంతా పేలాక, ఊడిపడిన కాయ ఒకటి వెనక పేలుతుంది. అచ్చం అలాగే ఉంది. "ఇవేవో టపాకాయల్లా ఉన్నాయే" అన్నాను. చెల్లెలు నా వైపు జాలిగా చూసింది. "నన్ను ఊరుకోబెట్టడానికి ఎందుకక్కా నీకీ తంటాలు" అంది.

మర్నాడు పొద్దున్నే బెంజ్ సర్కిల్లో దిగాను. సెల్‌ఫోన్ల షాపు మీద రెండో అంతస్తు. ముందు గదిలో కూర్చున్న అమ్మాయి "అపాయింట్‌మెంట్ ఉందా మేడమ్" అంది. సరిహద్దు నుంచి వార్తలు చెప్పే ఆయన ఫోన్ నంబర్ కావాలమ్మా, ఆయనతో ఒక్క మాట మాట్లాడాలి అన్నాను. ఆ అమ్మాయి లోపలికి చూసి, "సార్, మీకోసం" అని కేకేసింది.

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. లోపలి గదిలోంచి ఒకాయన ఆకుదొన్నెలో పునుగులు పట్టుకుని వచ్చాడు. నలభై ఉంటాయేమో, శుభ్రమైన చొక్కా, నుదుట చిన్న బొట్టు. "నమస్తే అమ్మా, చెప్పండి" అన్నాడు. అదే గొంతు. ముందురోజు సాయంత్రం ఫిరంగుల మధ్య ఆయాసపడిన గొంతు.

"మీరు సరిహద్దులో ఉన్నారు కదండీ" అన్నాను.

ఆయన నవ్వాడు. సిగ్గుతో నవ్వినా బాగుండేది. "వెళ్ళొచ్చానండీ. ఢిల్లీ దాకా వెళ్ళాను. అక్కణ్ణుంచి ముందుకి పోనివ్వలేదు. సమాచారం అంతా అక్కడిదే, చెప్పడం మాత్రం ఇక్కణ్ణుంచి చెప్తున్నాం. అందరూ చేసేదే."

"మరి ఆ మోతలు?"

"ఎఫెక్ట్ అండీ." పునుగు చట్నీలో ముంచుకున్నాడు. "రేడియో కదా, బొమ్మ ఉండదు. చప్పుడు లేకపోతే యుద్ధం శ్రోతకి ఎలా తెలుస్తుంది? దీపావళికి మా అపార్ట్‌మెంట్ మేడ మీద రికార్డు చేసినవి ఉన్నాయి, వాటికే కొంచెం బరువు పెంచి వాడాం. చాలా సహజంగా వచ్చిందని అందరూ అంటున్నారు."

చెప్పొద్దూ, అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారే, ఆ మాట పుట్టింది ఇలాంటివాళ్ళని చూసే అయ్యుంటుంది. నా చెల్లెలు అన్నం నీళ్ళు మానేసి ఆ డబ్బా ముందు కూర్చుంది ఎవడి మేడ మీదో కాల్చిన టపాకాయలకా? నేను గొంతు పెంచకూడదనే అనుకున్నాను. కానీ ముందుగదిలో అమ్మాయి లేచి నిలబడిందంటే పెంచే ఉంటాను. మా చెల్లెలి సంగతంతా చెప్పాను. కొడుకు మాట కూడా నమ్మడం లేదు, మీ మాటే నమ్ముతోంది, ఒక్కసారి రేడియోలో ఆ చప్పుళ్ళు నిజం కాదని చెప్పండి, ఇంకేం అడగను అన్నాను.

ఆయన విన్నాడు. శ్రద్ధగానే విన్నాడు. దొన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా?

"మీ అబ్బాయి ఏ రెజిమెంట్ అండీ? సరిగ్గా ఎక్కడున్నాడు?"

కన్నతల్లికే చెప్పని సంగతి అది. కన్నతల్లే అడగని సంగతి. ఈయనకి మైకు ముందు చెప్పడానికి కావాల్సొచ్చింది. "నాకు తెలీదు, తెలిసినా చెప్పను" అన్నాను. "పోనీలెండి. మీ చెల్లెలుగారితో రెండు ముక్కలు మాట్లాడించండి. ఒక తల్లి మనసు ఎలా ఉందో శ్రోతలకి తెలియాలి కదా" అన్నాడు. ఆవిడ మనసు అలా చేసింది మీరేనయ్యా అంటే, "కాల్పులు జరుగుతున్న మాట అబద్ధం కాదు కదమ్మా, మేం లేనిది చెప్పలేదుగా" అన్నాడు. ఉన్నదానికి లేనిది తగిలించడం అబద్ధం కాదంట. పాలల్లో నీళ్ళు పోసేవాడు కూడా ఇదే అంటాడు, పాలు పాలేగా అని.

చివరికి, "మా తప్పుందనుకుంటే సాయంత్రం శ్రోతల కార్యక్రమానికి ఫోన్ చేయండి. మీ విమర్శ మీ గొంతుతోనే వేస్తాం. విమర్శంటే మాకు గౌరవం" అన్నాడు. నా నంబరు కూడా రాసుకున్నాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కి చెల్లెలికి ఫోన్ చేశాను. ఆయన్ని నా కళ్ళతో చూశానే, పునుగులు తింటున్నాడే, అవి టపాకాయలేనని ఆయన నోటితోనే చెప్పాడే అన్నాను. అటునుంచి "నాకోసం ఎంత కథ అల్లావక్కా" అని ఏడ్చింది. ఫోటో తీసి పంపాల్సిందిగా అని ఇంటికెళ్ళాక మా ఆయన తీరుబడిగా సలహా ఇచ్చాడు. ఒళ్ళు మండిపోతున్న మనిషికి ఫోటోలు గుర్తొస్తాయా? అయినా ఫోటో పంపితే మటుకు, అది ఎప్పటిదో అనేది మా చెల్లెలు. ఊరుకోబెట్టేవాళ్ళు ఎంతకైనా తెగిస్తారని దాని అనుభవం దానికి నేర్పింది.

సాయంత్రం షాపులో మిషన్ ఆపేశాను. ఫ్యాను కట్టేశాను, చప్పుడు వస్తుందని. షట్టరు కిందికి దించేశాను. చెమటలు కారుతున్నా మాట మాత్రం స్పష్టంగా ఉండాలనుకున్నాను. ఫోన్ కలిసింది. అనుకున్నదంతా చెప్పాను. "అయ్యా, నా చెల్లెలి కొడుకు సరిహద్దులో ఉన్నాడు. మీ వార్తలు విని నా చెల్లెలు అన్నం ముట్టడం లేదు. ఆ మోతలు మేడ మీద కాల్చిన దీపావళి టపాకాయలని మీ విలేకరే నాతో చెప్పాడు. ఆయన విజయవాడలోనే కూర్చుని సరిహద్దులో ఉన్నానంటున్నాడు. సైనికుల తల్లులు వింటారు, ఆ సంగతి మీకు తోచలేదా? మిమ్మల్ని నమ్మడమే వాళ్ళు చేసిన పాపమా?" అన్నాను. మాట ఎక్కడా తడబడలేదు. అవతలి అమ్మాయి "థాంక్యూ మేడమ్, కాసేపట్లో వస్తుంది వినండి" అంది.

విన్నాను. షట్టరు ఎత్తేశాక మా ఆయన, నేను, రవికలకి వచ్చిన ఇద్దరాడవాళ్ళు అందరం కలిసి విన్నాం. ముందు వయొలిన్ ఏడ్చింది. తర్వాత నా గొంతు. "నా చెల్లెలి కొడుకు సరిహద్దులో ఉన్నాడు." ఢాం. "నా చెల్లెలు అన్నం ముట్టడం లేదు." ఢాం, ఢాం, టపటపా. "సైనికుల తల్లులు వింటారు." మళ్ళీ వయొలిన్. ఆ తర్వాత ఆ పెద్దమనిషి వచ్చి, "విన్నారుగా, ఒక కుటుంబం ఆవేదన. ప్రతి క్షణం మీతో మేమున్నాం, వింటూనే ఉండండి" అన్నాడు. అంతే. టపాకాయల మాట లేదు. విజయవాడ మాట లేదు. నా తిట్లన్నీ కోసి పారేసి, మిగిలిన ముక్కలకి వాళ్ళ టపాకాయలే తోరణం కట్టారు. "విమర్శంటే గౌరవం" అన్నాడే, ఇదన్నమాట ఆ గౌరవం.

నా చేతిలో కత్తెరుంది, దాన్ని బల్లమీద పెట్టేశాను. అంతలో ఫోన్ మోగింది. చెల్లెలు.

"అక్కా, ఎక్కడున్నావు?" గొంతు నిండా భయం.

"షాపులో ఉన్నానే."

"నువ్వు మాట్లాడుతుంటే వెనక పేలుతున్నాయేంటి? విజయవాడ మీద కూడా పడుతున్నాయా?"

"నా మొహం. ఇక్కడేం పేలుతుంది? షట్టరేసుకుని, ఫ్యాను కూడా ఆపుకుని, చెమటలు కక్కుతూ మాట్లాడాను. అవి వాళ్ళు తర్వాత పెట్టుకున్నారు."

నేనెంత మొత్తుకున్నా, కొడుకెంత చెప్పినా ఎక్కని సంగతి అప్పుడు దానికి ఎక్కుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

"నీ వెనక పెట్టినట్టే, ఆయన వెనకా పెట్టుకున్నారా?" అంది చివరికి.

"పొద్దున్నుంచీ మరి నేను చెప్పేదేంటే?"

ఫోన్ పెట్టకుండానే వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినపడింది. పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని తింటూ మాట్లాడింది. మధ్యలో ఏడ్చింది, మళ్ళీ తిన్నది. ఆ రోజు నేను పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. వాళ్ళ తప్పే వాళ్ళని పట్టించిందని మా ఆయనతో అని నవ్వాను కూడా. ఆ నవ్వు ఎంత తొందరపాటో తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం మళ్ళీ కొత్త కాయలు పట్టుకుని ఊరికెళ్ళాను, పాడైన ఆవకాయ మళ్ళీ పెట్టాలని. స్పీకర్ డబ్బా పోపుల డబ్బా పక్కన లేదు. అటక మీద పాత సామాన్లలో పెట్టేసింది. ఇద్దరం ముక్కలు తుడుస్తుంటే పక్కింటామె పరిగెత్తుకుంటూ వచ్చింది. కాల్పులు ఆగిపోయాయంట వదినా, రెండువైపులా ఒప్పుకున్నారంట అంది. నేను చేతిలో గుడ్డ పడేసి లేచాను. ఎన్ని రాత్రులు ఆ మాట కోసం దేవుణ్ణి వేడుకున్నామో మాకే తెలుసు. మా చెల్లెలు మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"ఎవరు చెప్పారు?" అంది.

"రేడియోలో. ఆయనే చెప్పాడు."

"అలాగా" అని మళ్ళీ ముక్క తుడవడం మొదలుపెట్టింది. టీవీ పెడదాం, చూద్దాం అన్నాను. "అందులో అరుపులు తప్ప ఏం ఉండవని మావాడు చెప్పాడుగా" అంది. ఊరంతా చల్లబడింది. రామాలయం దగ్గర మగవాళ్ళు నవ్వుకుంటున్న మాటలు మా ఇంట్లోకి వినపడుతున్నాయి. మా ఇంట్లో మటుకు ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున కొడుకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. "ఆగిపోయిందా నాన్నా? నిజం చెప్పు" అని అడిగింది. ఫోన్లోంచి బయటికి వినపడుతున్న వాడి గొంతు తేటగా, హాయిగా ఉంది. "ఆగిపోయిందమ్మా. ఇంకేం లేదు, కంగారు పడకు" అన్నాడు.

పిల్లాడు ఇంకేమంటాడు పాపం? చెల్లెలు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి నా వైపు చూసింది. "ఏం లేదంటున్నాడక్కా" అంది. నిజంగా ఏమీ లేనప్పుడు, ఏమీ లేదు అని దానికి చెప్పగలిగిన గొంతు లోకంలో ఒక్కటే ఉండేది. దాన్ని టపాకాయల పాలు చేశారు.

అప్పుడు మోగింది నా ఫోను. కొత్త నంబరు. ఎత్తగానే గొంతు గుర్తుపట్టాను.

"మేడమ్, నమస్తే. మీ కాల్‌కి మంచి స్పందన వచ్చిందండీ. మరి కాల్పులు ఆగాయి కదా, మీ చెల్లెలుగారి ఆనందం రెండు ముక్కల్లో మా శ్రోతలతో పంచుకుంటే..."

"ఆవిడ ఇంకా నమ్మలేదండీ" అన్నాను.

"అదేంటి మేడమ్, నిన్న సాయంత్రమే చెప్పాం కదా."

"అందుకే నమ్మలేదు. మీరు చెప్పారుగా."

ఫోన్ పెట్టేసి చూస్తే చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు ఇంకోసారి చేస్తాడేమోనని ఫోన్ రెండు చేతుల్లోనూ పట్టుకుని ఉంది.